ఇంటి ముచ్చట్లు: కోరికే లేనివారి సంగతి

మన సంఘం వార్షికోత్సవానికి వచ్చేవారిలో సగంమంది నాటకం చూడటానికి వస్తే, మిగిలిన సగం ఎవరి పిల్ల ఎంత ఎదిగినదో, ఎవరి కుర్రవానికి ఎక్కడ ఉద్యోగమయినదో చూడటానికి వస్తారు. మేము దీనిని తప్పుపట్టటం లేదు. చెన్నపట్నంలో మూడు నాలుగు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు సంబంధాలు కుదిరేది చాలవరకు ఇటువంటి చోట్లనే. మాకు కుదిరినదీ ఒక ఉగాది సభలోనే.

అయితే ఈ నాలుగైదేండ్లుగా ఒక మాట తరచు మా చెవిని పడుతున్నది. "అబ్బాయికి అన్నీ ఉన్నవి. ఎవరినీ ప్రేమించలేదట. పెళ్ళిమాట ఎత్తితే చాలు, కంచం ముందునుంచి లేచిపోతాడు." లేకపోతే, "అమ్మాయిని గట్టిగా అడిగాము. నాకు అటువంటి ధ్యాసే లేదు, ఎన్నడూ కలగలేదు అంటున్నది. ముప్పయ్యేండ్ల పిల్ల అనే మాటేనా అది?"

ఇటువంటి మాట విన్న వెంటనే మన ఇండ్లలో మొదట వెదికేది ఆ పిల్ల ఫోను. వేరే కులంవాడు ఎవరో ఉండి ఉంటాడని అనుమానం. ఫోనులో ఏమీ దొరకకపోతే జాతకం బయటికి వస్తుంది. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ, తిరువిడందై నిత్యకల్యాణ పెరుమాళ్ళకు పూలమాల, తిరుమణంచేరి ప్రయాణం, వరుసగా జరిగిపోతవి. దైవదర్శనం మంచిదే; మేమూ వెళ్ళి వచ్చినవాళ్ళమే. కాని ఆ పిల్ల చెప్పిన మాట ఉన్నదున్నట్లు నిజమై ఉండవచ్చునన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు.

అటువంటి మనుష్యులు ఉన్నారు. ఆడవారిలోను, మగవారిలోను ఉన్నారు. ఆడవారి మీదగాని మగవారి మీదగాని శరీరసంబంధమైన ఆకర్షణ వారికి కలగదు. ఇంగ్లీషులో వారిని ఏసెక్సువల్ అంటారు. తెలుగులో అలైంగికులు అని వ్రాస్తున్నారు. మాకు ఈ మాట అంతగా రుచించలేదు. తొమ్మిదో తరగతి పుస్తకంలో అమీబా రెండుగా చీలటాన్ని అలైంగిక ప్రత్యుత్పత్తి అని చదువుకొన్నాము. మనిషికి అమీబా పేరు పెట్టటం ఏమిటి? వేరే మాట దొరికేవరకు దీనితోనే సరిపెట్టుకొందాము.

వీరిని బ్రహ్మచారులతో కలిపి చూడరాదు. భీష్ముడు పట్టినది వ్రతం. కోరిక ఉన్నా లేకున్నా కట్టుబడవలసిన మాట అది. ఇక్కడ మాటా లేదు, కట్టుబాటూ లేదు, అణచిపెట్టుకొన్నదీ లేదు. పురాణాలలో దగ్గర పోలిక కావాలంటే శుకుడిని చెప్పుకోవచ్చును. పోతనగారి భాగవతం ప్రథమస్కంధంలో ఉన్న కథే. యువకుడైన శుకుడు దిగంబరుడై నడచిపోతుంటే నీళ్ళలో జలకాలాడుతున్న స్త్రీలు సిగ్గుపడలేదు. వెనుకనే వచ్చిన ముసలి వ్యాసుడిని చూచి మాత్రం చీరలు చుట్టుకొన్నారు. వ్యాసుడు కారణమడిగితే, నీ కొడుకు మనసులో స్త్రీ పురుష భేదం లేదు, నీకున్నది అని సమాధానం చెప్పారు. శుకుడు బ్రహ్మజ్ఞాని. మన పిల్లలు బ్రహ్మజ్ఞానులని మేము చెప్పటం లేదు. అటువంటి మనసు ఒకటి ఉండగలదని మనవాళ్ళు ఊహించగలిగారని మాత్రమే చెబుతున్నాము.

ఇక, ఇది ఎక్కడి నుంచి వచ్చినదన్న ప్రశ్న. ఈ ప్రశ్న మమ్మల్ని పట్టుకొన్నది మాకు దగ్గరగా తెలిసిన ఒక ఇల్లాలి వలన. ఆమె కూతురికి ముప్పయిరెండేండ్లు. ఒకరోజు పెరంబూరు స్టేషనులో కనబడి, "అన్నయ్యగారూ, నేను పెంచటంలో ఏం లోపం చేశానంటారు? చిన్నప్పుడు మగపిల్లలతో ఆడుకోనివ్వలేదు. దాని మూలానేమో" అని కళ్ళనీళ్ళు పెట్టుకొన్నది. అప్పటికే నగరంలో పేరున్న ఒక వైద్యుని దగ్గరకు తీసుకొనిపోయి రక్తపరీక్షలన్నీ చేయించారట. అన్నీ సరిగానే ఉన్నవని చెప్పి, అయినా మాత్రలు వ్రాసియిచ్చి, పెళ్ళయితే సర్దుకొంటుందని పంపించాడట ఆ మహానుభావుడు. మాత్రలకు అమ్మాయి లావెక్కినది. అంతకుమించి జరిగినదేమీ లేదు. ఆమెకు నిదానంగా చెప్పటానికి మా దగ్గర సమాధానం లేకపోయినది. మేము గుమాస్తాలము, పది పరీక్షతో చదువు ముగించినవాళ్ళము. అయితే దొరికిన కాగితాన్ని చివరిదాక చదివే అలవాటు మాత్రం ఆఫీసు మాకు నేర్పినది.

తల్లి పెంపకం మీద నింద వేయటం కొత్తదేమీ కాదు. పురుషుని యందే మనసు కలిగిన పురుషులను గూర్చి పాశ్చాత్య మానసిక వైద్యులు చాలకాలం ఈ మాటే చెప్పారు. తల్లి గారాబం, తండ్రి దూరం, అందువలన ఇట్లా అయినాడు, అని. అమెరికాలో కిన్సే పరిశోధనాలయం వారు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పద్నాలుగు వందల మందికి పైగా మనుష్యులను కూర్చోబెట్టి బాల్యమంతా అడిగి తెలుసుకొని, 1981లో పుస్తకం వేశారు. తల్లిదండ్రుల పెంపకం ఈ విషయంలో చెప్పుకోదగ్గ పని చేసినట్లు వారికి కనిపించలేదు.

మరి కారణం ఏమిటి? స్వలింగాకర్షణ మీద జరిగిన పరిశోధన ఎక్కువ గనుక ముందు దానిని చెప్పుకొని, తరువాత మన విషయానికి వస్తాము. 1991లో బెయిలీ, పిల్లార్డ్ అనే ఇద్దరు కవలపిల్లలను పరిశీలించారు. ఒకే అండం చీలి పుట్టిన కవలలలో ఒకరు అటువంటివారైతే రెండవవారు కూడ అటువంటివారే అయినవి నూటికి 52 జతలు. విడి అండాల కవలలలో 22. తరువాత ఇంతకంటె జాగ్రత్తగా చేసిన లెక్కలలో ఈ అంకెలు బాగా తగ్గినవి. అయినా నెత్తురులో కొంత ఉన్నదని తేలినది. నెత్తురే అంతా కాదనీ తేలినది. అంతా నెత్తురే అయితే ఒకే అండం కవలలలో నూటికి నూరు జతలు కలవాలి గదా! 2019లో నాలుగు లక్షల డెబ్బదివేల మందికి పైగా జన్యువులను పరీక్షించి ప్రకటించిన పరిశోధన కూడ ఇదే చెప్పినది. దీనికి ఒక జన్యువంటూ లేదు. చాల జన్యువులు తలా కొంచెం చేయి వేస్తవి. అన్నిటినీ కూడినా మనుష్యుల మధ్య తేడాలో 8 మొదలు 25 శాతం వరకే లెక్కకు వస్తుంది. ఒక బిడ్డ నెత్తురు చూచి ఆ బిడ్డ మనసు ఎటు మొగ్గుతుందో ఎవరూ చెప్పలేరు.

అన్నింటికంటె మాకు వింతగా తోచినది అన్నదమ్ముల లెక్క. 1996లో కెనడావారైన బ్లాంచార్డ్, బొగార్ట్ అనేవారు కనిపెట్టినదేమంటే, ఒకే తల్లికి ముందుగా పుట్టిన అన్నలు ఎక్కువైనకొద్దీ తమ్మునిలో స్వలింగాకర్షణకు అవకాశం కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఒక్కొక్క అన్నకు సుమారు మూడోవంతు చొప్పున. మొదటి అవకాశమే చాల చిన్నది గనుక, నలుగురు అన్నలున్నవాడు కూడ నూటికి తొంబదిపాళ్ళు తక్కిన మగవారివలెనే ఉంటాడు, కంగారు పడనక్కరలేదు. ముఖ్యమైన సంగతి 2006లో తేలినది. ఒకే ఇంట పెరిగిన సవతి అన్నలకు, పెంపుడు అన్నలకు ఈ లెక్క పనిచేయదు. ఒక తల్లి కడుపున పుట్టి వేరేచోట పెరిగిన అన్నలకు మాత్రం పనిచేస్తుంది. అంటే కథ ఇంట్లో కాదు, గర్భంలోనే మొదలవుతున్నదన్నమాట. ఈ లెక్కల మీద పండితులు ఇప్పటికీ వాదులాడుకొంటూనే ఉన్నారు.

ఆ బొగార్టుగారే మన విషయానికి కూడ దారి తీసినవారు. అంతకు ముందు దీనిని ఎవరూ పట్టించుకోలేదనలేము. ఆస్ట్రియాలో క్రాఫ్ట్-ఎబింగ్ అనే వైద్యుడు 1886లోనే దీనికి ఒక రోగం పేరు పెట్టాడు. స్పర్శ తెలియకపోవటం వంటిదని ఆ పేరుకు అర్థం. తరువాత కిన్సే మహాశయుడు వచ్చాడు. అసలు ఆయన పురుగుల శాస్త్రజ్ఞుడు. కందిరీగల జాతివాటిని వేలకువేలు కొలిచి, అదే ఓపికతో మనుష్యులను లెక్కించి, 1948లో పురుషులను గూర్చి, 1953లో స్త్రీలను గూర్చి పుస్తకాలు వ్రాశాడు. సున్న మొదలు ఆరు వరకు మెట్లు కట్టి అందరినీ ఆ మెట్ల మీద నిలబెట్టాడు. ఏ మెట్టు మీదా నిలవనివారు కొందరు మిగిలారు. వారికి ఎక్స్ అని గుర్తు వేసి ఊరుకొన్నాడు. దరఖాస్తు ఫారంలో "వర్తించదు" అని వ్రాసి పక్కన పెట్టటం మాకు బాగా తెలిసిన పనే గనుక, ఆయన ఇబ్బంది మాకు అర్థమయినది. ఆ ఎక్స్ గుర్తు అర్ధశతాబ్దం పాటు అలాగే పడివున్నది.

2004లో బొగార్టు, బ్రిటన్‌లో పద్దెనిమిది వేలమందికి పైగా జనాన్ని అడిగిన ఒక పాత సర్వే కాగితాలు తిరగవేశాడు. అందులో, ఎవరి మీదా ఎన్నడూ నాకు ఆకర్షణ కలగలేదు అన్న సమాధానం దగ్గర గుర్తు పెట్టినవారు నూటికి సుమారు ఒకరు. తరువాతి సర్వేలో ఈ అంకె ఇంకా తక్కువ వచ్చినది. అర అనుకొన్నా, రెండు వందల మందికి ఒకరు. మన సంఘం వార్షిక సభకు వచ్చే జనంలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆ గుర్తు పెట్టినవారిలో పెళ్ళిళ్ళు చేసుకొన్నవారూ ఉన్నారు. అది మాకు ఆశ్చర్యంగా తోచలేదు. మన ముత్తవ్వల కాలంలో ఎవరు ఎవరిని అడిగారు గనుక!

మూలం ఎక్కడన్న దానికి 2014లో కెనడాలోనే ఒక జాడ దొరికినది. మోరాగ్ యూల్, లోరీ బ్రోటో అనేవారు మూడు వందల మందికి పైగా అలైంగికులను తక్కినవారితో పోల్చి చూచారు. కుడిచేతివాటం కానివారు వీరిలో సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించారు. వ్రేళ్ళ కొలతలలో మాత్రం చెప్పదగిన తేడా తేలలేదు. చేతివాటానికి, దీనికి ఏమిటి సంబంధం అని అడగవచ్చును. ఏ చేయి వాటమన్నది బిడ్డ కడుపులో ఉండగానే చాలవరకు నిర్ణయమైపోతుంది. బొటనవ్రేలు నోట పెట్టుకొనేటప్పుడే స్కానింగులో కనిపిస్తుంది. అందుచేత ఈ రెండూ కలిసి నడుస్తున్నవంటే, దీని మూలం కూడ గర్భంలోనే ఉండవచ్చునని అనుమానం. స్వలింగాకర్షణ కలవారిలోను కుడిచేతివాటం కానివారు కొంత ఎక్కువేనని అంతకు ముందే తేలియున్నది గనుక, రెండు దారులూ ఒకే ఊరి నుంచి బయలుదేరినవేమో! ఆ పరిశోధనకు వచ్చినవారు తమంతట తాము ముందుకు వచ్చినవారు. ఒక్క పరిశోధనతో శాస్త్రం స్థిరపడదు. అయినా తల్లిని నిలదీయటానికి మాత్రం అందులో ఏమీ లేదు.

చేతివాటం మాట వచ్చినది గనుక మా పెదనాన్నగారిని చెప్పాలి. ఆయనది పుర్రచేయి. చిన్నతనంలో ఎడమచేతికి గుడ్డ చుట్టి, వాతలు కూడ పెట్టారట. దానితో కుడిచేత అన్నం తిన్నాడు, కుడిచేత సంతకం చేశాడు, నలభై ఏండ్లు కుడిచేత చిట్టాలు వ్రాశాడు. మామిడికాయకు రాయి విసరవలసి వస్తే మాత్రం రాయి తిన్నగా ఎడమచేతిలోకి పోయేది. వాత పెట్టినవారు వాటాన్ని మార్చలేదు, దాచుకోవటం నేర్పారు.

ఒకే మూలమైనా ఇక్కడ ఒక తేడా ఉన్నది. తక్కిన విషయాలలో ప్రశ్న, మనసు ఎటు మొగ్గినది అని. ఇక్కడ ప్రశ్న, అసలు ఎందుకు మొగ్గలేదు అని. అందుచేత ఇది యంత్రంలోని లోపమేనని చాలమంది వైద్యులు అనుకొన్నారు. బ్రోటో, యూల్ ఇద్దరూ 2011లో కొద్దిమంది స్త్రీలను పరీక్షించి, అలైంగికుల శరీరం స్పందించటంలో తక్కిన స్త్రీలకు, వీరికి తేడా లేదని వ్రాశారు. ఎద్దులున్నవి, బండి ఉన్నది, వెళ్ళవలసిన ఊరే లేదు. అంతే తేడా.

పశువులలోను ఇది ఉన్నదని తెలిసి మేము ఆనందించాము. అమెరికాలో పొట్టేళ్ళను పెంచేవారికి ఒక చిక్కు ఉండేది. డబ్బు పోసి కొన్న పొట్టేలు గొర్రెల మందలో వదిలితే గడ్డి మేసి ఊరుకొనేది. శాస్త్రజ్ఞులు పరీక్షించి చూస్తే, నూటికి సుమారు ఎనిమిది పొట్టేళ్ళు మగవాటి వైపే పోతున్నవి. పన్నెండో, అంతకు పైనో, ఎటూ పోవటం లేదు. మగవాటి వైపు పోయేవాటి మెదడులో ఒక చిన్న భాగం తక్కిన పొట్టేళ్ళ కంటె చిన్నదిగా ఉన్నదని 2004లో ప్రకటించారు. నెల్లూరు పొట్టేళ్ళను ఎవరూ ఇట్లా పరీక్షించినట్లు మేము వినలేదు. గొర్రెకూ మనిషికీ తేడా ఉన్నమాట నిజమే. కాని ఆ పొట్టేళ్ళకు ఎవరూ గారాబం చేయలేదు, ఎవరూ మగపిల్లలతో ఆడుకోవద్దని చెప్పలేదు.

చిన్ననాటి భయం వలన ఇట్లా అవుతుందని ఇంకొక మాట. భయపడిన మనిషికి కోరిక ఉండి, దగ్గరకు పోలేక బాధ కలుగుతుంది. అది వేరు, దానికి వైద్యం వేరు. అదే విధంగా, నిన్నటివరకు ఉన్న కోరిక ఒక్కసారిగా పోతే తప్పక వైద్యుని చూడవలసినదే. థైరాయిడు కావచ్చును, చక్కెర కావచ్చును, మనసు క్రుంగిపోవటం కావచ్చును, దానికి వేసుకొనే మాత్రలే కావచ్చును. ఎన్నడూ లేనిది, లేనందుకు బాధా లేనిది, దానికి మందెందుకు? అమెరికా మానసిక వైద్యులు 1973లో స్వలింగాకర్షణను రోగాల పట్టీలోనుంచి తీసివేసి, 1980లో కోరిక తక్కువగా ఉండటాన్ని ఆ పట్టీలోకి ఎక్కించారు. ఒక వాకిట పంపి మరొక వాకిట పిలిచినట్లు! తాను అలైంగికుడనని తెలిసి చెప్పేవారికి ఈ రోగం పేరు పెట్టరాదని 2013లో వారే సవరించుకొన్నారు.

మన ఊరి హైకోర్టులో ఈ విషయం ఇంకా ముందుకు పోయినది. మదురై నుంచి చెన్నపట్నానికి వచ్చి తలదాచుకొన్న ఇద్దరు యువతుల కేసులో, జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ గారు తమకే ఈ విషయం సరిగా తెలియదని ఒప్పుకొని, ఒక మానసిక శాస్త్రవేత్త దగ్గర కూర్చుని అడిగి తెలుసుకొని, 2021 జూన్ 7వ తేదీన ఉత్తరువు ఇచ్చారు. వైద్యం పేరిట ఇటువంటివారి మనసు మార్చే ప్రయత్నాలు చేయరాదని అందులో ఉన్నది. ఎల్.జి.బి.టి.క్యు.ఐ.ఏ. అనే అక్షరాల వరుసలో చివరి ఏ వీరిదే. మరుసటి సంవత్సరం జాతీయ వైద్య కమిషను కూడ అటువంటి చికిత్స వైద్యవృత్తికి తగని నడత అని ప్రకటించినది. పెరంబూరు ఇల్లాలికి ఇది చెప్పాము. మిగిలిన మాత్రలు పారవేశారు.

పెళ్ళి చేసేస్తే సర్దుకొంటుందనేవారు అవతలి ఇంటి బిడ్డను గూర్చి ఆలోచించరు. కోరిక ఉన్న భర్తకో భార్యకో అది ఏండ్లతరబడి మౌనంగా పడే బాధ. కారణం లేకుండా చాలకాలం శరీరసంబంధం నిరాకరించటం మానసిక క్రూరత్వం క్రిందికి రావచ్చునని సుప్రీంకోర్టు 2007లో సమర్ ఘోష్ కేసులో చెప్పినది. ఇటు చూస్తే, కాపురానికి రమ్మని కోర్టు ద్వారా ఆజ్ఞ తెచ్చుకొనే హక్కు 1955 హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షనులో ఉన్నది. సరిత కేసులో, దాని వివరాలు వేరైనా, ఇష్టం లేని దేహాన్ని చట్టం బలవంతపెట్టరాదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఏ. చౌదరి గారు 1983లో ఆ సెక్షనునే కొట్టివేశారు. ఆ తీర్పు ఏడాది నిలిచినది. 1984లో వేరొక కేసులో సుప్రీంకోర్టు సెక్షనును నిలబెట్టినది. ఇంత దూరం పోకముందే, సంబంధం మాట్లాడే రోజుననే ఉన్నమాట చెప్పటం ఉభయులకూ చవక. శరీరసంబంధం అక్కరలేని తోడు కోరుకొనేవారు ఇటూ అటూ ఉన్నారు. వారిలో ప్రేమించేవారున్నారు, ప్రేమ కూడ అక్కరలేనివారున్నారు. ఒంటరిగా ఉండి మేనకోడళ్ళకు చదువు చెప్పించిన పిన్నమ్మలు మన ఇండ్లలోనే లేరా? వారిలో ఎవరు వ్రతం పట్టినవారో, ఎవరు శుకునివంటివారో మనం అడగలేదు, వారు చెప్పలేదు.

తమిళనాడు ప్రభుత్వం వారు హైకోర్టు చెప్పినందున ఈ విషయాలన్నిటికీ మర్యాదైన తమిళ పదాల పట్టీ ఒకటి తయారుచేసి 2022లో గెజెటులో అచ్చువేయించారు. తమిళంలో మాట్లాడవలసివచ్చినప్పుడు మేమూ దానినే చూచుకొంటున్నాము. ఇంట్లో తెలుగులో చెప్పవలసివచ్చినప్పుడే నోటికి మాట దొరకటం లేదు. అమీబాతో పనిలేని తెలుగుమాట ఎవరికైనా తోస్తే, ముఖ్యంగా మీ అవ్వలనాటి మాట ఏదైనా ఇంట్లో మిగిలివుంటే, ఒక కార్డు ముక్క మీద వ్రాసి సంఘం చిరునామాకు పంపండి. వచ్చే నెల అచ్చువేస్తాము.